నల్లగండ్లలో నేర్చిన పాఠము

గడచిన మాఘమాసమున మా చెల్లెలి గృహప్రవేశమునకై నల్లగండ్లకు బోయితిని. ఒకప్పుడు చెరువును పొలములును గల పల్లె. నేడు మిన్నంటు మేడలతో హైదరాబాదులో గలసిపోయినది. చెల్లెలి యిల్లు పదునొకండవ యంతస్తున నున్నది. వసారాలో నిలిచి చూడగా మేడల నడుమ బచ్చని యడవియు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండలును గానవచ్చినవి. అది హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణము. 1974లో వెలసిన యీ విద్యాపీఠము తొలుత సరోజినీదేవి గృహమైన ‘గోల్డెన్ థ్రెషోల్డు’న నడచి, పిమ్మట సుమారు 2,300 ఎకరముల యీ భూమికి వచ్చినది.

చెల్లెలి కూతురచట జీవశాస్త్రము చదువుచున్నది. మరునాటి యుదయమున నన్ను దోడుకొనిపోయినది. అచటి బండల వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లట! ఆ పొదలలో చుక్కలదుప్పులును నెమళ్లును తిరుగును. పరిశీలకులు రెండువందలకు పైగా పక్షిజాతులను లెక్కించిరి.

అమ్మాయి యొక చెట్టుకడ నిలిచి, “పెద్దమ్మా, దీనిపై నేమున్నదో చెప్పుము” అనినది. నాకు బెరడుదప్ప నేమియు గానరాలేదు. పుల్లతో దాకగా బెరడే కదలినట్లొక సాలెపురుగు పరుగిడినది! దాని వెనుక తోకలవంటి రెండు దారపుగొట్టము లున్నవి. ఇది గాలిలో వల పన్నదు. మ్రాని కంటుకొని పొంచియుండి, పురుగు రాగానే ప్రదక్షిణము చేయుచున్నట్లు దాని చుట్టును వడిగా దిరిగి దారముతో గట్టివేయును. ఈ కుటుంబములోని క్రొత్తజాతి యొకటి యీ యావరణముననే దొరకగా, 2010లో శాస్త్రజ్ఞులు దానిని లోకమునకు దెలిపి, ‘మురిసియా హైదరాబాడెన్సిస్’ అని మన నగరము పేరిడిరి.

“బెరడు రంగు దీనికెట్లు వచ్చెను?” అంటిని. “మీరు బీరపాదులో మేలైన కాయను విత్తనమునకు నిలుపుదురు గదా! అడవిలో నిలుపువా రెవ్వరును లేరు. బెరడును బోలని పిల్లలను పక్షులు తినివేయును. పోలినవి బ్రదికి సంతానము గనును. వేలతరము లిట్లు జరుగగా నీ రూప మేర్పడినది. 1859లో డార్విను చెప్పిన ప్రకృతివరణ మిదియే” అనినది.

“దీనివలన మనకేమి ప్రయోజనము?” అని మరల నడిగితిని. “మ్రాను పోయిన నిదియు బోవును. జాతి యంతయు బోయిన మరల రాదు” అని యామె యూరకుండెను. ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలో 2025 మార్చి నెలాఖరున యంత్రములు చెట్లను గూల్చుచుండగా నీ విద్యార్థులే యెదిరించిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరకుడు నాపించినది.

తిరిగివచ్చి వసారాలో నిలువగా నా మనస్సు కలుక్కుమనినది. నిన్న మేము పాలు పొంగించిన యీ యింటిక్రిందను ఇట్టి బండలే, ఇట్టి మ్రాకులే యుండెను గాబోలు! చెల్లెలి కిల్లు వలదందునా? అనజాలను. అయినను మిగిలిన పచ్చదనమైన నిలువవలె నని మాత్ర మనకుండజాలను.

భాగవతమున నవధూత సాలెపురుగును గురువుగా గొనెను. శ్రీకాళహస్తిలో నది శివుని గొలిచి ముక్తినందెను. ఈ కథలు బాల్యమునుండి చెప్పుకొనుచునే, పండుగ వచ్చినంతనే బూజుకర్ర నెత్తుదుము. ఇల్లు శుభ్రముగా నుంచుకొనవలసినదే. కాని కర్ర నెత్తుటకు ముందొక్క నిమిషము పిల్లలను బిలిచి, ఆ చిన్నప్రాణి యేమి చేయుచున్నదో వారితో గూడ జూడుడు. నే నిప్పు డట్లే చేయుచున్నాను.