సంగటి కూడా ఇంటర్నేషనల్ ఫుడ్డే!

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా టీమ్ వాట్సాప్ గ్రూపులో రెస్టారెంట్ లింకులు మొదలవుతాయి. ఒకరికి కొరియన్ రామెన్ కావాలి, ఇంకొకరికి జపాన్ సుషీ. నాకూ ఇష్టమే, కాదనను. కానీ హైదరాబాద్‌లో ప్రపంచాన్ని రుచి చూడాలనిపిస్తే నేను బండి తిప్పేది టోలీచౌకీకి, బార్కస్‌కి. అక్కడ మనకోసం ముస్తాబు చేసిన ఫారిన్ ఫుడ్ ఉండదు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు రోజూ తినే తిండి ఉంటుంది.

మాది ధర్మవరం దగ్గర తాడిమర్రి. మా వైపు ఇంజినీరింగ్ అయిపోగానే చాలామంది బెంగళూరు దారి పడతారు. నాకు మాత్రం హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. మొదటి ఏడాదంతా హాస్టల్ అన్నంలో అమ్మ పంపిన చెనిక్కాయల పొడి కలుపుకునే నెట్టుకొచ్చాను. సూట్‌కేసులో పొడి డబ్బా పెట్టుకుని ఊరు దాటినవాళ్లకి తెలుస్తుంది, ఈ షాపులు ఎందుకు పుడతాయో.

వాసన వస్తుందట!

రెండేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లో ఓ పోర్షన్ ఖాళీ అయింది. కెన్యా నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడు చూడ్డానికి వచ్చాడు. అడ్వాన్స్ రెడీ, కాలేజీ లెటర్ రెడీ. అయినా ఓనర్ గారు కుదరదన్నారు.

"వాళ్ల వంటల వాసన వేరే బాబూ. పైవాళ్లు ఒప్పుకోరు."

"ఏం వండుకుంటాడో అడిగారా అంకుల్?"

అడగలేదు. నేనే అడిగాను. మెట్ల దగ్గర నిలబడి చెప్పాడు: పొద్దున రాగి జావ, రాత్రికి పిండి ముద్ద, ఆకుకూర.

వాళ్ల స్వాహిలి భాషలో రాగుల్ని 'వింబి' అంటారట. జావ పేరు 'ఊజి'. మన అంబలిలాగే పిండిని పులియబెట్టి కాచే పద్ధతీ ఉంది. ముద్ద పేరు 'ఉగాలి'. ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారు. మరిగే నీళ్లలో పిండి పోసి, చెక్క తెడ్డుతో గట్టిపడేదాకా కెలకడమే. వేళ్లతో కాస్త తుంచి, బొటనవేలితో గుంట చేసి, దాంతో కూర అందుకుని తింటారు. మా ఇంట్లో సంగటిని పులుసులో ముంచేదీ దాదాపు ఇట్లే!

ఓనర్ గారికి ఇదంతా చెప్పాను. "మీరూ షుగర్‌కని పొద్దున్నే రాగి జావే తాగుతారు కదా అంకుల్" అన్నాను. నవ్వారు. ఇల్లు మాత్రం ఇవ్వలేదు. ఆ కుర్రాడు టోలీచౌకీలో రూమ్ తీసుకున్నాడు. కాలేజీకి రెండు బస్సులు మారాలి. అతన్ని కలవడానికి వెళ్లడంతోనే నాకు ఆ ఏరియా అలవాటైంది.

అరబిక్ బోర్డుల వీధిలో

టోలీచౌకీలో పారామౌంట్ కాలనీ అని ఉంది. యెమెన్, సోమాలియా, సూడాన్ లాంటి దేశాల నుంచి చదువుకీ వైద్యానికీ వచ్చినవాళ్లు అక్కడ చాన్నాళ్లుగా ఉంటున్నారు. షాపుల బోర్డుల మీద అరబిక్ కనిపిస్తుంది. లోపల ఖర్జూరాలు, డబ్బాల్లో బీన్స్, మనకు పేరు తెలియని మసాలాలు.

సోమాలియా వాళ్ల 'అంజేరో' చూస్తే మన దోసెకి చుట్టమే అనిపిస్తుంది. పులియబెట్టిన పిండిని పెనం మీద గుండ్రంగా తిప్పి పోస్తారు. వాళ్ల అన్నంతో పాటు పళ్లెంలో ఓ అరటిపండు వస్తుంది. మటన్ అన్నంలోనే నంజుకోవాలి. నాతో వచ్చిన ఫ్రెండ్ మొహం అదోలా పెట్టాడు. పెరుగన్నంలోకి అరటిపండు నంజుకునే ఇంట్లో పెరిగినవాణ్ని, నాకేం కష్టం కాలేదు.

సూడాన్ వాళ్ల వంటల్లో వేరుశనగ ముద్ద బాగానే వాడతారు. అనంతపురం నేలకి ఇంకేం కావాలి చెప్పండి!

బార్కస్ చెప్పే మాట

ఇక బార్కస్. పాతబస్తీ దాటి దక్షిణంగా వెళ్తే వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ల బ్యారక్‌లు ఉన్న చోటే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. బార్కస్ జామకాయలకీ నగరంలో మంచి పేరుంది.

పొద్దున్నే వెళ్తే గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన 'హరీస్' దొరుకుతుంది. అరబ్బుల హరీసే ఇక్కడి మసాలాలు తగిలి హలీమ్ అయింది. ఆ హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇక మందీ సంగతి సరేసరి. పెద్ద పళ్లెం మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని, అందరూ అందులోనే తినాలి. ఇప్పుడు మన జిల్లాల్లోనూ మందీ బోర్డులు వెలుగుతున్నాయి. అది యెమెన్ తిండి అని ఎవరైనా ముక్కు మూసుకుంటున్నారా? ఇరానీ చాయ్‌ని ఎవరైనా ఫారిన్ టీ అంటున్నారా? పాతబడితే 'మన స్పెషల్', కొత్తగా వస్తే 'వాసన'. అంతే తేడా!

మా పళ్లెంలో ఎన్ని దేశాలో

మా ఇంటి భోజనం సంగతీ చూద్దాం. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి. ఇంతకన్నా లోకల్ ఇంకేముంటుంది అనుకుంటాం. రాగుల పుట్టిల్లు ఇథియోపియా, ఉగాండా వైపు ఎత్తైన నేలలు. వేల ఏళ్ల కిందటే మన దగ్గరికొచ్చాయి. చెనిక్కాయది దక్షిణ అమెరికా. మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండాలవే. మిరప మనకు చేరి 500 ఏళ్లు, అదీ పోర్చుగీసు వాళ్ల ఓడల్లో. ఊరుబిండిలో నుంచి వలస వచ్చినవన్నీ తీసేస్తే రోట్లో పెద్దగా ఏమీ మిగలదు.

ఇది ఫోన్లో మా అవ్వకి చెప్పాను.

"మన రాగులు అంత దూరం పోయినాయా?" అనింది.

"లేదవ్వా, ఆడనుంచే మనకొచ్చినాయి."

"ఎవురు తెచ్చినారో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ. అవునూ, ఆ పిల్లోనికి ఇల్లు దొరికిందా?"

ఇన్ని దేశాల కథ చెప్తే అవ్వకి పట్టింది ఆ ఒక్క ముక్కే. నాకూ అంతే. కువైట్‌లో మన కడప, రాయచోటి వాళ్లు కారప్పొడి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటారు. అక్కడ మన పొడే ఇంటర్నేషనల్ ఫుడ్. అక్కడి ఇంటి ఓనర్ ఆ ఘాటుకి ఏమంటాడో!

మీరూ వెళ్లాలనుకుంటే రెండు మాటలు. మెనూ కార్డు పక్కన పెట్టి, "మీరు రోజూ ఏం తింటారు?" అని అడగండి. బెస్ట్ ఐటమ్ అదే వస్తుంది. తింటున్నవాళ్ల ఫొటోలు అడక్కుండా తీయకండి, అది వాళ్ల మెస్సు, మన రీల్ కాదు. మీ బిల్డింగ్‌లో టులెట్ బోర్డు ఉండి, అలాంటి కుర్రాడు ఎవరైనా వచ్చి నిలబడితే, ఏం వండుకుంటాడో ఒక్కసారి అడిగి చూడండి.

మొన్న ఊరెళ్తే అవ్వ రాగిపిండి రెండు మూటలు కట్టించింది. ఒకటి నాకు, ఇంకోటి టోలీచౌకీకి.