పూస గుచ్చేంత పొద్దు

పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దే ఉంటుందని సామెత. లెక్క తీస్తే అంత అన్యాయమేం లేదు. నిడదవోలులో డిసెంబరు 21న కూడా పగలు 11 గంటల పైచిలుకే. జూన్‌లో 13 దాటుతుంది. తేడా రెండు గంటలు. ఆ రెండు గంటలకే మనం మంకీ క్యాపులు బయటికి తీసి, ఎనిమిది దాకా ముసుగుతన్ని, "ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగోలేదు" అని గొణుక్కుంటాం.

సామెత చెప్పినవాళ్లు గడియారం చూసి చెప్పలేదు, కళ్లం చూసి చెప్పారు. మంచు కురిసిన రోజు తొమ్మిదైనా ఎండ మొహం కనబడదు, నాలుగున్నరకే దాని పస అయిపోతుంది. సార్వా కోతలయ్యాక కాలవ గట్టు రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన రైతుని అడగండి. తేమ 17 శాతానికి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పొద్దున్నే బరకం తీస్తాడు, ధాన్యంలో కాళ్లీడ్చుకుంటూ చాళ్లు చాళ్లుగా తిరగేస్తాడు, మధ్యాహ్నం నాలుగు గింజలు పంటికింద వేసి నొక్కుతాడు. కటుక్కుమంటే మొహం విచ్చుకుంటుంది. మెత్తగా నలిగిందా, సాయంత్రం మళ్లీ బరకం కప్పి ఇంటిదారి పడతాడు. ధాన్యానికి ఎండ కావాలంటే ఊరంతా తలూపుతుంది. మనిషికీ కావాలంటే మాత్రం "బద్ధకానికి సాకు" అంటుంది.

అది సాకు కాదని 1984లో ఒక వ్యాసం రాసి, తోటివాళ్లతో కలిసి ఆ జబ్బుకో పేరు పెట్టినవాడు నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు. దక్షిణాఫ్రికా ఎండలో పెరిగి అమెరికా వెళ్లాక, అక్కడి చలికాలంలో తన హుషారే జారిపోవడం గమనించుకున్నాడాయన. ఆ పేరు సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్. మామూలుగా దిగులు పట్టుకుంటే నిద్రా ఆకలీ పోతాయనుకుంటాం. ఇందులో చాలామందికి ఎదురు తిరుగుతుంది: ఎంత పడుకున్నా నిద్ర తీరదు, అన్నం మీదికీ తీపి మీదికీ మనసు పోతుంది, ఒళ్లొస్తుంది. (సంక్రాంతి నెలలో మా జిల్లాలో ఈ లక్షణాలు లేనివాణ్ణి వెతికి పట్టుకోవడమే కష్టం. అరిసెల డబ్బా ఇంట్లో ఉండగా ఏ డాక్టరు మాత్రం ఏం తేలుస్తాడు?) పొద్దుటి వెలుగు తగ్గేసరికి ఒంట్లోని గడియారం తప్పుతుందనేది వైద్యులు ఎక్కువగా చెప్పే కారణం.

అసలు బాధ మనకంటే మన పిల్లలది. పక్కింటి అత్తయ్యగారబ్బాయి టొరంటోలో ఉన్నాడు. అక్కడ డిసెంబరులో పగలు తొమ్మిది గంటలు కూడా నిండదు. చీకట్లో ఆఫీసుకి పోయి చీకట్లో వస్తాడు. ఓ రోజు వీడియో కాల్‌లో అతని టిఫిను ప్లేటు పక్కన పలకలాంటి తెల్లటి దీపం వెలుగుతోంది.

"మొహం మీదికి ఆ ట్యూబులైటేంట్రా?"

"మందమ్మా. పొద్దున్నే అరగంట దీని ముందు కూచోమన్నారు."

"ఎంతట?"

ధర విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఇక్కడికొస్తే అరుగు మీద ఊరికే ఇస్తారు కదరా" అంది.

అత్తయ్యగారిది వెటకారమే గాని, లెక్క తప్పేం కాదు. ఆ దీపం 10,000 లక్సులు. ట్యూబులైటు గదిలో ఉండేది మహా అయితే కొన్ని వందలు. ఎనిమిదింటికి మంచు పట్టి ఉన్నా మన వీధిలో వేలల్లో ఉంటుంది. కాకపోతే ఆ దీపం కూడా డాక్టరు చెబితేనే పెట్టుకోవాలి. కంటిజబ్బులున్నవాళ్లకీ, ఒకసారి అతి హుషారు, మరోసారి దిగులు వచ్చేవాళ్లకీ మరీను.

ఇదంతా మన పెద్దలకి ముందే తెలుసు, అందుకే ధనుర్మాసం పెట్టారని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. నాలుగున్నరకి లేచి కళ్లాపి జల్లి, ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టే ఆడవాళ్లకి ఆ చీకట్లో దొరికే వెలుగెంత? పైగా డిసెంబరు 22 నుంచి పగలు పెరుగుతున్నా, సూర్యోదయం మాత్రం జనవరి మూడోవారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే పోతుంది. భోగినాటి తెల్లవారుజాము అంత చీకటిగా అనిపించేది అందుకే. ఆ నెల ఏదైనా మేలు చేస్తే, రోజూ ఒకే వేళకి లేపడంలోనూ, నలుగురి మొహాలు చూపించడంలోనూ చేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఆ మేలు అందేలా నిద్ర మానుకున్నది మాత్రం ఎప్పుడూ ఒక్క మనిషే.

మంచు పడదని ఎనిమిదిన్నర దాకా తలుపులు బిగించుకునే ముసలివాళ్లని చూస్తే నాకు కోపం. ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లు ఎండ తగలగానే ఓ కుర్చీ వీధిలో వేసుకుంటే ఏం పోయింది? తేగలు చీల్చుకుంటూ కూచుంటే గంట తెలీకుండా గడుస్తుంది. చలికాలంలో ఆ పని చెయ్యనివాళ్లని నేను గోదావరి వాళ్లుగా లెక్కవెయ్యను.

వెలుగుతో పనిలేని దిగులొకటుంది. ముక్కనుమ వెళ్లాక మా జంక్షన్ ప్లాట్‌ఫాం మీద నిలబడితే కనిపిస్తుంది. నరసాపురం వైపు నుంచి వచ్చి బండి మారేవాళ్లు, హైదరాబాదు పోయేవాళ్లు, బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు, జంతికల డబ్బాలు. బండి కదిలాక వెనక్కి నడిచేవాళ్లంతా యాభై దాటినవాళ్లే. ఇంటికెళితే నాలుగు మంచాలు ఎత్తి కట్టాలి. దాన్ని డాక్టర్లు చలికాలపు జబ్బు కింద జమ కడతారో లేదో గాని, నేను కడతాను. అది రెండు వారాలు దాటి తిండీ నిద్రా పాడుచేస్తుంటే, బతకాలనిపించకపోతే మరీ, అరుగుతో తీరేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న అత్తయ్యగారు అబ్బాయి ఫోను పెట్టేసి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఫిబ్రవరిలో రమ్మంటున్నాడు, టిక్కెట్టు తీస్తాట్ట."

"వెళ్తారా?"

"ఆ చీకట్లోకా? మేలో తియ్యమన్నా. అప్పుడక్కడ రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుగుంటుందట. ఇక్కడి ఎండలూ తప్పుతాయి."