వర్షాకాలంలో వాల్తేరు

మద్దూరు వంటి పల్లెల్లో వర్షాకాలం సెలవుల కాలం కాదు. మృగశిర కార్తె వచ్చింది మొదలు విత్తనం, ఎరువు, కలుపు, కూలీలు – వీటితోనే పొద్దు గడిచిపోతుంది. చుట్టాల ఇళ్ళకు వెళ్ళాలంటే ఎండాకాలమో, పంట ఇంటికి చేరిన తరువాతనో తప్ప మా వైపు ఎవరూ ఇల్లు కదలరు. అయినా ఈ సంవత్సరం ఆగస్టు నెలలో, పత్తికి రెండవసారి కలుపు తీయించి ఎరువు వేసిన మరునాడే, మేము అయిదుగురము నాలుగు రోజుల కోసం విశాఖపట్నం బయలుదేరాము. కారణం మా అమ్మగారు.

మా అక్కయ్యగారి వివాహం జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. బావగారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిన్న ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పోయిన సంవత్సరం అక్కయ్యగారికి పెద్ద ఆపరేషను జరిగింది. దేవుని కృపవలన గండం గడిచింది గాని ఆమె దూరప్రయాణం చేయకూడదన్నారు. డెబ్బై ఆరేళ్ళ అమ్మ కూతురి బాధను ఫోనులో వినడమే తప్ప కళ్ళతో చూడలేదు. అమ్మ మోకాళ్ళు కూడా ఏటికేడు మొరాయిస్తున్నాయి. “నడక ఉన్నప్పుడే నా బిడ్డను ఒక్కపారి సూపియ్యుండ్రి” అని ఆమె అడిగినప్పుడు, పత్తి పని అని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

“వచ్చి నా దగ్గరే కొన్నాళ్ళుండమ్మా” అని అక్కయ్యగారు ఎన్నోసార్లు అడిగారు. అమ్మ ఒప్పుకోలేదు. “బిడ్డ ఇంట్ల మూడొద్దుల కంటె ఎక్కువుంటరా? నలుగురు నవ్వరా?” అనేది ఆమె మాట. మన పల్లెల్లో పెద్దవాళ్ళందరి మాటా అదే కదా.

మద్దూరు నుండి జనగామ మీదుగా కాజీపేట చేరి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. 1974లో మొదలైన ఈ బండి తెలంగాణ వారికీ కోస్తా వారికీ ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చదువులు, ఎన్ని ఉద్యోగాలు కలిపిందో లెక్క లేదు. కాజీపేట నుండి విశాఖపట్నం దాదాపు 570 కిలోమీటర్లు. రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి దిగవచ్చు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. వృద్ధులకిచ్చే ఛార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినా, 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు కింది బెర్తుల కోటా వేరుగా ఉన్నది. టికెట్టు తీసేటప్పుడే అడగాలి. అమ్మకు ఆ విధంగానే కింది బెర్తు దొరికింది.

అర్ధరాత్రి దాటాక రాజమండ్రి దగ్గర వంతెన చప్పుడుకు అమ్మ లేచి కూర్చున్నది. కిటికీలోనుండి చీకటి, దూరంగా దీపాలు, ఎంతకూ తరగని వంతెన. “ఇంత నీళ్ళా!” అని మాత్రం అన్నది. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా తపాస్‌పల్లి రిజర్వాయరుకు వస్తున్నది ఈ గోదావరి నీళ్ళేనని పిల్లలు చెబితే, చాలాసేపు నమ్మలేదు. 2015, 2016 ఎండాకాలాల్లో బోర్లు ఎండిపోయి బిందె నీళ్ళకు పడిన తిప్పలు ఆమె ఇంకా మరువలేదు.

తెల్లవారి విశాఖలో దిగేసరికి సన్నని జల్లు. అక్కయ్యగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకొని ఎంతసేపు నిలబడ్డారో చెప్పలేము. మేము సంచులు దించుకొని పక్కకు తప్పుకున్నాము. మద్దూరు నుండి తెచ్చిన కందిపప్పు, చింతపండు, సర్వపిండి, మక్క కంకులు ఒక్కొక్కటే తీసి కూతురి ముందు పెట్టాకగాని అమ్మ కాఫీ ముట్టలేదు.

సాయంత్రం జల్లు వెలిశాక అందరమూ రామకృష్ణా బీచికి వెళ్ళాము. వర్షాకాలపు సముద్రం పటాల్లో చూసే నీలి సముద్రం కాదు. బూడిద రంగు నీళ్ళు, ఎత్తుగా లేచే కెరటాలు, మాట వినబడనంత హోరు. దక్షిణాన యారాడ కొండ ముక్కులా సముద్రంలోకి చొచ్చుకొని ఉంటుంది. దానినే డాల్ఫిన్ నోస్ అంటారు. ఆ కొండ చాటున ఉండడంవల్లనే ఇక్కడ లోపలి ఓడరేవు కట్టగలిగారు. 1933లో ఓడల రాకపోకలు మొదలయ్యాయి. ఆ రేవు ఉండడంవల్లనే రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు ఈ పట్టణంపై బాంబులు వేశాయి.

అమ్మ చెప్పులు విడిచి, కెరటం వచ్చి పాదాలు తడిపేదాకా కదలకుండా నిలుచున్నది. వేళ్ళు తడిపి నాలుకకు రాసుకొని చూసింది. “గిన్ని నీళ్ళుండి ఒక్క మడికి పనికి రాకపాయె!” అన్నది. మేము నవ్వాము గాని బావగారు నవ్వలేదు. “మా కష్టమూ అదే అత్తయ్యా” అన్నారు. సముద్రం పక్కనే ఉన్న ఈ నగరం తాగే నీరు ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ వంటి జలాశయాల నుండి, ఏలేరు కాలువ నుండి రావాలి. తాటిపూడి గోస్తనీ నది మీద, రైవాడ శారదా నది మీద కట్టినవి. కొండల్లో వాన పడకపోతే ఇక్కడ కుళాయిలు ఎండుతాయి. మద్దూరువారు మొగులు వైపు చూసినట్టే విశాఖవారూ చూస్తారన్నమాట. ఈ సంగతి మాకు ఆనాటి వరకు తెలియదు.

పిల్లలున్నవారికి ఒక హెచ్చరిక. ఈ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. ఒడ్డుకు వచ్చిన నీరు అంతా తిరిగి ఒకచోట ఇరుకుగా, వేగంగా లోపలికి లాగుకొని పోతుంది. చూసేవారికి అక్కడ కెరటం తక్కువగా, నెమ్మదిగా కనబడుతుంది. దానిని చూసి మోసపోతారు. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు పొడవునా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో వచ్చినట్టు కాదు. మేము పాదాలు తడుపుకోవడంతోనే తృప్తిపడ్డాము.

రెండవ రోజు తెల్లవారుజామున బావగారు మమ్మల్ని చేపల రేవుకు తీసుకువెళ్ళారు. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వంజరం, చందువా, కానాగంతలు, రొయ్యలు గంపల్లో దిగుతున్నాయి. వేలం పాడేదీ, కొనేదీ, మోసేదీ ఎక్కువగా స్త్రీలే. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. గంప ముందు కూర్చున్న ఒకామె అమ్మతో “రెండు నెల్లు ఏట నేదు మామ్మా. అప్పు సేసి తిన్నాం” అన్నది. “మాకూ గంతే బిడ్డా. మిరుగు దాకా మొగులు దిక్కు సూసుడే” అన్నది అమ్మ. ఒకరి యాస ఒకరికి కొత్త. అయినా మాట అర్థం కావడానికి ఎవరి సాయమూ అవసరం కాలేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం కలిగింది. మా వైపు మృగశిరకు చేపలు తిని, గింజ నేలలో వేసే రోజుల్లోనే వీళ్ళు వల నీళ్ళలో వేస్తారు. రెండూ అప్పుతోనే మొదలు. రెండూ నమ్మకంతోనే మొదలు.

ఆ మధ్యాహ్నం విశ్వవిద్యాలయం చూశాము. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి కోరిక అది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరుకు వచ్చింది. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఊరి చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఒక కోడలి కథను ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో విద్యార్థిగా ఉన్నప్పుడే వ్రాసినవారు ఆయన. చెరువు విలువ ఎరిగిన మనవంటివారు గుర్తుంచుకోదగిన పేరు. ఆయన తరువాత 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానంలో ఉన్నారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఈ విద్యాలయానికి ఎంతో ధనం ఇచ్చారు. సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

కొండ వాలున ఎర్రమట్టి, తడిసిన చెట్లు, వాటి సందుల్లో సముద్రం. డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం దగ్గర పిల్లలు గొడుగులు ముడిచి లోపలికి వెళుతున్నారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చిన రైతుల, కూలీల బిడ్డలేనని బావగారు చెప్పారు. వేలిముద్ర తప్ప సంతకం ఎరుగని అమ్మ ఆ మెట్ల మీద కూర్చొని, వచ్చేపోయే ఆడపిల్లలను లెక్కపెట్టినట్టు చూస్తూ ఉండిపోయింది. తరువాత మనుమరాలి చేయి పట్టుకొని “నువ్వు గిట్ల సదువుతవా?” అని అడిగింది. అమ్మాయి తల ఊపింది.

అక్కడి చెట్లలో చాలా చిన్నవి. ఎందుకని అడిగితే అక్కయ్యగారు హుద్‌హుద్ తుఫాను మాట ఎత్తారు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఉదయం నుండే గాలి. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగమని తరువాత చెప్పారు. మధ్యాహ్నం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. తుఫాను కన్ను మీదుగా పోతే అలాగే ఉంటుందట. తగ్గిపోయిందనుకొని బయటికి రాకూడదు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఆ ఒక్కరోజే నగరంలో వేలాది చెట్లు నేలకూలాయి. కరెంటు లేదు, పాలు లేవు, ఫోన్లు మూగపోయాయి. రాష్ట్రం రెండయి అప్పటికి నాలుగు నెలలే. ఇక్కడ మద్దూరులో మేము నాలుగు రోజులు ఫోను కలుపుతూనే ఉన్నాము. అయిదవ రోజు “బతికే ఉన్నామమ్మా” అన్న అక్కయ్యగారి గొంతు విని, అమ్మ ఆ రోజుగాని అన్నం తినలేదు. రాష్ట్రాలకు సరిహద్దు గీయవచ్చు గాని, కడుపు తీపికి గీయలేరని మాకు అప్పుడే తెలిసింది.

మూడవ రోజు ఆదివారం. అక్కయ్యగారి సంఘంలో ఆరాధనకు వెళ్ళాము. తిరిగివస్తూ బావగారు ఈ పట్టణానికీ తెలుగు వాక్యానికీ ఉన్న సంబంధం చెప్పారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డె గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకాన్ని ఇద్దరిలో ఎవరూ కళ్ళ చూడలేదు. అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. “విత్తినోల్లు కోత సూడలే” అన్నది చివరకు. చదువు లేకపోయినా చెవులతో వాక్యం నేర్చుకున్న మనిషి ఆమె.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కయ్యగారు వంజరం పులుసు వడ్డిస్తూ మధ్యలో కుర్చీలో కూలబడ్డారు. ఆపరేషను తరువాత కొంచెం పని చేసినా ఆయాసం వస్తుందట. ఫోనులో ఎన్నడూ చెప్పలేదు. అమ్మ లేచి, మోకాళ్ళు పట్టుకొని వెళ్ళి, గరిటె తన చేతిలోకి తీసుకున్నది. ఎవరమూ ఏమీ అనలేదు. పడుకోబోయే ముందు మాతో “నా టికెటు వాపసిచ్చెయ్యుండ్రి. దసర దాక ఈడనే ఉంట” అన్నది. నలుగురూ నవ్వరా అని మా నోటిదాకా వచ్చింది. అమ్మే మళ్ళీ అన్నది: “నవ్వెటోల్లను నవ్వనియ్యి కొడుకా. కన్నబిడ్డ కాడ ఉంటె తప్పేంది?”

ఆమె మందులు, కళ్ళద్దాలు, మోకాలి నూనె అక్కయ్యగారికి అప్పగించి మరునాడు సాయంత్రం మేము నలుగురమే బండెక్కాము. దారి పొడవునా పిల్లలు సముద్రం గురించి మాట్లాడుతుంటే మేము మాత్రం అమ్మ లేని ఇంటిని తలచుకుంటూ కూర్చున్నాము. తెల్లవారి జనగామ నుండి బస్సులో వస్తుంటే మబ్బు పట్టి ఉన్నది. చేలో పత్తి జానెడు పెరిగింది. మేము లేని నాలుగు రోజుల్లో చెడిపోయినదంటూ ఏమీ లేదు.

చదువుతున్నవారిలో తల్లిదండ్రులను ఇంట పెట్టుకొని, అక్కచెల్లెళ్ళు దూరాన ఉన్నవారు ఎందరో ఉంటారు. పంట చేతికి వచ్చాక, డబ్బు సర్దుకున్నాక అని ప్రయాణం వాయిదా వేయకండి. పంట ప్రతి ఏడూ వస్తుంది, పెద్దల మోకాళ్ళు మాత్రం వెనక్కు రావు. బిడ్డ ఇంట్లో నాలుగు నాళ్ళు ఉంటామంటే ఉండనివ్వండి. ఆ మాట వారి నోటినుండి రావడం ఎంత కష్టమో మేము చూశాము.

రోజూ రాత్రి ఎనిమిది గంటలకు అమ్మ ఫోను చేస్తుంది. అక్కయ్యగారు మెట్లు దిగి వీధి చివరి దాకా నడుస్తున్నారట. పక్కింటివారికి సర్వపిండి నేర్పిందట. అన్నీ చెప్పాక తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది: “మనకాడ వాన పడ్డదా?”