లెక్కలో లేని కౌలు

మా నాన్నకి సంతకం రాదు. కౌలు లెక్క మాత్రం నోటిమీద ఉండేది. తోట్లవల్లూరు మాలపల్లెలో మాకు సెంటు పొలం లేదు. కామందు దగ్గర రెండెకరాలు కౌలుకి చేసేవాళ్ళం. కుప్ప నూర్చిన రోజు కళ్ళంలోనే ముందు కామందు బస్తాలు కొలిచి బండికెత్తాలి. ఆ తర్వాతే మా ఇంటికి గింజ.

2001లో నేను ఏడో తరగతి. పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు: ‘రామయ్య 2 ఎకరాలు సాగు చేసెను. ఎకరానికి 30 బస్తాలు పండినవి. రామయ్యకు ఎన్ని బస్తాలు మిగులును?’

నేను 60 వేసి, ఎకరానికి 16 చొప్పున 32 బస్తాలు కౌలు తీసేసి, 28 అని రాశాను. పొలం ఉన్నవాళ్ళు సాగు చేయడం నేను చూళ్ళేదు, చేయించడమే చూశాను.

మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ‘ఇచ్చిన లెక్క చెయ్యరా. మీ ఇంటి లెక్క ఎవడడిగాడు?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, ‘ఆయనకి పొలం ఉండుంటదిరా. ఆయన లెక్క ఆయనకి రైటే’ అన్నాడు.

కౌలుదారుకి చట్టాలు లేకపోలేదు. 1956లో ఒకటి, రుణ అర్హత కార్డులిస్తామని 2011లో ఒకటి, సాగు హక్కు కార్డులిస్తామని 2019లో ఇంకొకటి. ఈ చివరిదానికి 11 నెలల ఒప్పందం మీద కామందు సంతకం కావాలి. మా కామందు పెట్టలేదు. సర్కారు కాగితంలో కూడా మా నాన్న సాగు చేయనట్టే.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. డి.ఎస్.సి. రాసి సర్కారు బళ్ళో లెక్కల మాస్టర్నయ్యాను. మొన్న ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ‘10 మంది కూలీలు ఎకరం పొలమును 1 రోజులో నాటిన, 20 మంది ఎన్ని రోజులలో నాటుదురు?’ కీలో జవాబు అర రోజు. ఒక పిల్ల ‘ఒక రోజు’ అని రాసింది. నేనూ సున్నా చుట్టేశాను.

పేపర్లు పంచేటప్పుడు ఆ పిల్ల లేచింది. ‘అరపూట నాటుకి ఎవురూ పిలవరు సార్. ఇరవై మందిని పిలిస్తే రెండెకరాలు నాటిస్తారు. మా అమ్మతో నేనూ వెళ్ళాను.’

క్లాసు నవ్వింది. ఆ నవ్వు నేనెరుగుదును. ఈసారి ఎర్రపెన్ను నా చేతిలో ఉంది.

విలోమానుపాతం మా పిల్లలకి రావాలి, కాదనను. రాకపోతే ఏ పరీక్షా గట్టెక్కరు. కానీ ‘రోజు’ అంటే గంటలా, కూలా? ప్రశ్న రాసినవాళ్ళు చెప్పలేదు. చెప్పని తప్పు వాళ్ళది, పోయిన మార్కులు పిల్లవి. చదువుని బడి బయటి బతుకుతో కలపమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అట్లా కలిపిన పిల్లకే నేను సున్నా వేశాను.

సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. రోజుకి 8 గంటల పని అని చేర్చి, అదే లెక్క బోర్డు మీద మళ్ళీ రాశాను. అందరికన్నా ముందు ఆ పిల్లే ‘4 గంటలు’ అంది. దాని కింద రామయ్య లెక్క రాశాను, కౌలు ఎకరానికి 16 బస్తాలని చేర్చి. పిల్లలు 28 అన్నారు. ఎవరూ నవ్వలేదు.

తోటి మాస్టర్లని ఒక్కటే అడుగుతున్నాను. సున్నా చుట్టేముందు ఆ పిల్లని పిలవండి. జవాబు ఎట్లా వచ్చిందో చెప్పనివ్వండి.