వెండిమీది నెమలివన్నె

వరలక్ష్మీవ్రతము వచ్చుచున్నదనగానే పూజకుంచు వెండి రూపాయలను చింతపండుతోను విభూతితోను తోమి, అద్దమువలె మెఱయునట్లు చేయుట మనలో పెక్కిండ్ల వాడుక. ఏటేట తోముడు పడిన రూపాయి నలువది యేండ్లకు ఎట్లగునో సోదరీమణులు చూచియే యుందురు. రాణిగారి ముక్కు అరగిపోవును, కిరీటము చదునగును, అంచుననున్న పూసలు మాయమగును. తెల్లగా నుండును గాని కళ యుండదు. మా యింట నేను ఈ యాచారమును మాన్పించితిని. పూజకని క్రొత్త వెండిబిళ్ల నొకదానిని కొని దానినే తోముచున్నాము. పాత రూపాయలను పసుపుకుంకుమలు తగులకుండ ఎడముగా నుంచి నమస్కరించుచున్నాము. లక్ష్మీదేవి ఇందులకు కోపించినట్లు ఇంతవరకు కనబడలేదు.

నేను పాత నాణెములు కొనుదానను. మదనపల్లెలో ఒక ఉపాధ్యాయుని భార్యకు ఇది తగిన వ్యసనమా యని అడుగువారు కలరు. ఇరుగుపొరుగు పిల్లలకు పద్యములును వ్యాకరణమును చెప్పగా వచ్చు పైకములో కొంత మిగిల్చి, ఏడాదికి ఒకటియో రెండో కొందును. ఇంటిఖర్చులోనిది పైసయైన దానికి తీయను. మా తాతగారియొద్ద చదువుకొను నాడు అరువదినాలుగు కళల పట్టికలో రూప్యరత్నపరీక్ష యను పేరు వచ్చినది. వాత్స్యాయనుడు ఆ కళలను స్త్రీలు నేర్వవలసినవిగానే చెప్పినాడు. రూప్యమనగా ముద్రవేసిన నాణెము. పాణిని యొక సూత్రమున ఈ మాటకు రెండర్థములు చెప్పెను. రూపము ముద్రింపబడినది యని యొకటి, ప్రశంసింపదగిన రూపము గలది యని మఱియొకటి. మన రూపాయి పేరు ఈ మాటనుండియే వచ్చినది. ముద్రయు సౌందర్యమును ఒకే మాటలో ఇమిడియుండగా, నాణెమును అందముకొఱకు చూచుటలో తప్పేమి కలదు?

సేకరించువారు మక్కువతో వెదకునది వన్నె పట్టిన నాణెము. గాలిలోను, కొన్నిరకముల కాగితములోను, కొయ్యలోను, ఉన్నిలోను కొంచెముగా నుండు గంధకపు అంశము వెండిని తాకగా, దానిమీద మిక్కిలి పలుచని పొర యొకటి యేర్పడును. ఆ పొరమీదినుండి తిరిగివచ్చు వెలుగును, దాని యడుగున వెండిమీదినుండి తిరిగివచ్చు వెలుగును కలిసికొని కొన్ని రంగులను అణచి కొన్నిటిని పెంచును. వానకు తడిసిన రోడ్డుమీద నూనెచుక్క పడినప్పుడు కనబడు రంగులకు కారణము ఇదియే. పొర పలుచగా నున్నప్పుడు లేత పసుపు, పిదప బంగారువన్నె, ఆపైన ఎఱుపును ఊదాయు, తరువాత నీలము. ఇంకను మందమగుకొలది రంగులు చెడి తుదకు నలుపు. మా యూరి నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గములను ఎఱిగినవారు, రెండువన్నెల చీరను వెలుతురులో ఇటునటు త్రిప్పి చూచినట్లు తలచుకొన్నచో చాలును. చీరలో పడుగుది యొక రంగు, పేకది యొక రంగు. నాణెములోనన్ననో అద్దకమే లేదు, అంతయు వెలుగు చేయు వింత.

పుంగనూరు మా అత్తగారి పుట్టినిల్లు. అచట ఆమె తల్లిగారి కొయ్యపెట్టెలో, కాగితపు పొట్లమున, 1862 సంవత్సరపు రూపాయలు ఏడు ఎన్నో యేండ్లుగా కదలక పడియుండినవి. పొట్లము విప్పినప్పుడు వాని యంచులు నీలముగాను, లోపలికి పోను పోను ఊదాగాను, నడుమ లేత పసుపుగాను ఉండినవి. ఒక నాణెముపై నొకటి పడియున్నచోట వన్నె నెలవంకవలె ఆగిపోయినది. నిజమైన వన్నెకు ఈ నెలవంక యొక గుర్తని నేను అక్కడనే నేర్చుకొంటిని. 1862 రూపాయి అరుదైనది కాదు. ఆ సంవత్సరపు అంకెతోనే పదియేండ్లకు పైగా ముద్రించుచు వచ్చిరి. అయినను ఆ యేడింటిలో రెండింటికి సాటివచ్చు నాణెమును నేను వేలముపాటలలో నేటివరకు చూడలేదు.

ఇక కొనుట. మాకు బెంగుళూరు దగ్గఱ. అచట నాణెముల వర్తకులును, అచ్చుపుస్తకము వెలువరించి వేలము నడుపువారును కలరు. ఇంటనుండియే చేతిఫోనులో పాట పాడవచ్చును. అయితే ఫోనులోని బొమ్మను నమ్మరాదు. దీపమును ఒక ప్రక్కకు వంచి తీసిన బొమ్మలో గోరంత వన్నె కొండంత యగును. వేలమునకు ముందు నాణెములను చూపు దినమున పోయి చేతబట్టి చూచుట మేలు. పాడిన ధరకు తోడు కమీషనును పన్నును చేరునని మఱవరాదు. నేను కమీషనుతో కూడ ఇంతకు మించరాదని కాగితముమీద వ్రాసి మావారి చేతికిచ్చి, పాట ఆ యంకె దాటగానే ఫోను మూసివేయుదును.

వన్నెకు ధర పెరుగునని తెలియగానే వన్నె పెట్టువారును పుట్టిరి. గంధకమును, వేడిని ప్రయోగించి ఒక్కదినములో నెమలిపింఛము చేయుదురు. బెంగుళూరులోనే యొక అంగడిలో ఎడ్వర్డు రాజు రూపాయి నొకదానిని నా ముందుంచి, "ఇంద్రధనుస్సమ్మా ఇది, మళ్లీ దొరకదు" అని వర్తకుడు పలికెను. భూతద్దముతో చూచితిని. రాజుగారి చెంప అరిగియున్నది. ఆ యరిగిన చెంపమీదనే చిక్కని నీలము. క్రొత్తగా పడిన గీతలలోనికి సైతము రంగు దిగియున్నది. పసుపునుండి ఎఱుపునకు, ఎఱుపునుండి నీలమునకు పోవు క్రమమే లేదు. "అయ్యా, అరుగుదల నూఱేండ్లది, వన్నె నిన్నటిది" అంటిని. ఆయన నవ్వి దానిని సొరుగులో వేసి మఱియొకటి తీసెను. ఈ గుర్తులు తిరుగులేని ప్రమాణములని చెప్పజాలను. అమెరికాలో 1980 దశాబ్దమున వెలసిన నాణెపరీక్షా సంస్థలు కూడ వన్నె సందేహాస్పదమని కొన్నిటిని తేల్చక విడిచిపెట్టును. కావున నేను మొదట వన్నెను మఱచి, ఇది వట్టి తెల్లని రూపాయియైనచో ఎంత యిత్తునో లెక్కగట్టుదును. దానిపైన వన్నెకని కొంచెము చేర్చుదును. రసీదు ఈయనివారియొద్ద, తిరిగి తీసికొందుమని వ్రాసి యీయనివారియొద్ద కొనను.

ఈ విద్య నిజముగా అక్కఱకు వచ్చినది కుప్పములో. అచట మా ఆడుబిడ్డ ఇంటి ప్రక్కన ఒక వితంతువు కలదు. కుమార్తెను నర్సు చదువులో చేర్పించుటకు పైకము చాలక, తల్లి యిచ్చిన వెండి రూపాయలు ఇరువదినాలుగింటిని అమ్మదలచెను. పదునాఱు పూజలో అరిగినవి, ఎనిమిది మూటలోనే నల్లబడినవి. కొనవచ్చినవాడు అన్నిటిని తూకమునకే అడిగి, నల్లనివాటికి మఱికొంత తగ్గింతుననెను. ఆమె నన్ను చూచి, "రాత్రికి చింతపండు నానబెట్టి తోమేదా అక్కా?" అనినది. వలదని చేతులు పట్టుకొంటిని.

ఆ యెనిమిదింటిలో 1911 నాటిది ఒకటి యుండినది. ఐదవ జార్జి రాజు వస్త్రముమీద చెక్కిన ఏనుగు, తొండము కుఱచయై పందివలె కనబడుచున్నదని జనులు ఆక్షేపింపగా ప్రభుత్వమువారు దానిని ఆపి, 1912లో బొమ్మను దిద్దిరి. కావున ఆ యేటి రూపాయికి సేకరించువారిలో గిరాకి కలదు. నలుపని వాడు చెప్పినది వెలుతురులో వంచి చూడగా ముదురు నీలము. కుప్పమునుండి బెంగుళూరికి రైలు కలదు గదా, ఇద్దఱమును పోయి లైసెన్సు గల వర్తకునికి చూపితిమి. నూఱేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టముచే పురావస్తువగును. దానిని విదేశములకు పంపరాదు, లైసెన్సు లేక వానితో వ్యాపారము చేయరాదు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణెములను లక్షలకు కొందుమని ఫోనులో పలుకువారును కలరు. అట్టివి మోసములని ఆ బ్యాంకువారే 2021లో ప్రకటించిరి. ఆమెకును అట్టి పిలుపు రెండుమాఱులు వచ్చెనట. ముందుగా రుసుము కట్టుమనగా, కట్టుటకు లేక బ్రతికిపోయెను!

1911 రూపాయియు మఱి రెండును వేలమునకు పోయి, మూడును కలిసి తూకపు ధరకు రెట్టింపునకు పైగా తెచ్చినవి. అరిగినవి తూకమునకే పోయినవి. పిల్ల చదువులో చేరినది. నల్లబడినవాటిలో నాలుగింటిని ఇంకొక యేటి రుసుమునకని దాచుకొన్నది. మిగిలినదొకటి విక్టోరియా రూపాయి, 1877 తరువాతిది, రాణి యను మాటకు బదులు చక్రవర్తిని యని ముద్రించినది. దానిని అమ్మననినది. రబ్బరుపట్టీలో గంధకముండునని, మెత్తని ప్లాస్టికు సంచులలో కొన్ని నాణెముపై పచ్చని జిగురు పుట్టించునని చెప్పి, మంచి కాగితపు కవరు నొకటి నేనే పంపితిని. మొన్న కుప్పము పోయినప్పుడు చూపినది. నిరుడు అంచున పసుపుగా నుండినచోట ఈ యేడు ఎఱుపు పొడసూపుచున్నది.