మెంతిమొలకలు

మెంతులు చలువ చేయునని మన పెద్దలు చెప్పుదురు. పోపులపెట్టెలో నెప్పుడును ఉండు నా గింజలు 2011వ సంవత్సరమున జర్మనీ దేశమున ఏబదిమందికి పైగా జనుల మరణమునకు మూలమై యుండునని విచారణలో తేలెను.

ఇందు మెంతుల దోషమేమియు లేదు. వానిని పట్టుకొని వచ్చిన సూక్ష్మజీవి వేఱు. దాని పేరు ఎషెరీషియా కోలై. 1885లో ఎషెరిక్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలమున దీనిని కనుగొనెను. ఇది మన యందఱి ప్రేగులలోను కాపురముండునదే. ఇందలి జాతులలో పెక్కులు మన కపకారము చేయవు. అయినను చుట్టమువలె నింట జొచ్చి విషస్తన్య మిచ్చిన పూతనవంటి జాతులును గలవు. అమెరికాలో 1982లో సరిగా నుడుకని మాంసము తిన్నవారికి నెత్తుటి విరేచనములు గలిగించిన జాతి యట్టిదే. జర్మనీలో తలయెత్తినది మఱియు క్రూరమైనది. ప్రేగుగోడల నంటుకొను నొక జాతికి, సూక్ష్మజీవులలో జొరబడు వైరసొకటి విషము పుట్టించు జన్యువును తెచ్చియిచ్చినది. పైగా పెక్కు మందులకది లొంగదు.

సుమారు 3,800 మంది జబ్బుపడిరి. 850 మందికి పైగా మూత్రపిండములు చెడెను. ఇట్టి యుపద్రవము సాధారణముగా పసిపిల్లలకు వచ్చును. ఈ మాఱు పెద్దలకు, అందును మూడింట రెండువంతులు స్త్రీలకే వచ్చెను.

మొదట స్పెయిను దోసకాయలపై నింద పడెను. ఆ దేశపు రైతుల పంట అమ్ముడుపోక కుప్పలుగా కుళ్లిపోయినది. పాపము, వారేమి చేసిరి? పిమ్మట విచారించువారు భోజనశాలల వంటవాండ్ర నడిగి, ఏ వంటకమున నేమేమి వేసిరో వ్రాసికొనిరి. అప్పుడు బయటపడినవి పచ్చిమొలకలు. మూలము ఈజిప్టునుండి వచ్చిన మెంతిగింజలు కావచ్చునని తేలెను. పాండిత్యమునకు దొరకని జాడ వంటింట దొరకుట మాకు ముచ్చటగా నున్నది.

మావారికి తెల్లవాఱగానే పచ్చిమొలకలు తినుట యలవాటు. పిల్లలకును పెట్టుమందురు. ఈ సంగతి చదివి మేము వానిని ఆవిరిపై నుడికించుట మొదలిడగా, "సారమంతయు పోవును గదా!" అని వాదించిరి. కొంత పోవును, నిజమే. కాని సూక్ష్మజీవి గింజ పగులులో దాగియుండిన కడిగినను పోదు. వెచ్చని తడిలో రెండుమూడు దినములుండిన కోట్లుగా పెరుగును. బాగుగా నుడికిన చచ్చును.

"మఱి శ్రీరామనవమి వడపప్పు మాటేమి?" అని మా అత్తగారు ప్రశ్నించిరి. అది నానిన గంటకో రెండు గంటలకో తినివేయుదుము. పెరుగుటకు దానికంత వ్యవధి యుండదని చెప్పితిమి. ఆమె సమాధానపడిరి. మావారు మాత్రము తమ గిన్నెలో సగము పచ్చివి కావలెననుచున్నారు. పిల్లల గిన్నెలో నన్నియు నుడికినవే.