రాసుకుంటుంటే ఎవరైనా వస్తే...

ఆల్ట్ నొక్కిపట్టి ట్యాబ్ తడుతుంటే తెరిచి ఉన్న విండోలన్నీ చిన్న బొమ్మల్లా వరసగా కనిపిస్తాయి. కావలసినదాని దగ్గర ఆల్ట్ వదిలేస్తే అదే ముందుకొస్తుంది. దాటిపోతే షిఫ్ట్ కూడా కలిపి తట్టాలి, వెనక్కి వస్తుంది. కూర కలుపుతూనే పక్క పొయ్యి మీద పాలు చూసుకునే మనకి ఇదో పనా!

నాకిది మరోలా అలవాటైంది. రాసుకుంటుంటే అడుగుల చప్పుడు వినగానే చటుక్కున కరెంటు బిల్లు పేజీ ముందుకొచ్చేది. మా అమ్మాయి కనిపెట్టేసింది. "బిల్లు కట్టి వారమైందిగా అమ్మా!" అని నవ్వింది.

ఇంట్లో ఎవరూ నన్ను రాయొద్దనలేదు. బిల్లు కడితే పని, రాసుకుంటే తీరిక అన్నది మనలోనే ఎక్కడో నాటుకుపోయింది. ఇప్పుడు "ఏం రాస్తున్నావ్?" అని ఆయన అడిగితే, "కూర్చోండి, చదివి వినిపిస్తా" అంటున్నాను.